జెల్ యామ్ సీ: ఐదు రోజుల చల్లదనానికి ఆరు నెలల లెక్క

జూన్ వచ్చిందంటే గల్ఫ్‌లో మనకు రెండే లోకాలు. ఏసీ లోపల ఒకటి, ఏసీ బయట ఒకటి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని యూఏఈలో రూలే ఉంది. సైట్‌లో ఉన్నవాళ్లు ఆ రెండున్నర గంటలూ నీడ వెతుక్కుంటారు. సరిగ్గా అప్పుడే ఆఫీసుల్లో పెద్ద అరబ్బు సార్ల కుర్చీలు ఖాళీ అవుతుంటాయి. సార్ ఎక్కడికెళ్లారని పీఆర్వోని అడిగితే లండన్ అంటాడు, జెనీవా అంటాడు. లేదంటే ఓ వింత పేరు చెబుతాడు: జెల్ యామ్ సీ.

ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో, ఆల్ప్స్ పర్వతాల మధ్య సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. అక్కడివాళ్లు పలికేది 'ట్సెల్ ఆమ్ జే' అని. 'జే' అంటే సరస్సు. సరస్సు ఒడ్డున ఉన్న జెల్ అని అర్థమన్నమాట. సముద్రమట్టానికి 757 మీటర్ల ఎత్తు. నాలుగు కిలోమీటర్ల పొడవు సరస్సు, దాని వెనక పచ్చటి కొండ, ఆ వెనక మూడు వేల మీటర్లు దాటిన మంచు కొండలు. నీళ్లు, పచ్చదనం, మంచు, చల్లగాలి ఒక్క చూపులో కనిపిస్తాయి. ఇసుకలో పుట్టిపెరిగినవాళ్లకు ఇంకేం కావాలి? అందుకే ఏళ్ల తరబడి సౌదీ, కువైట్, ఎమిరేట్స్ కుటుంబాలు వేసవికి అక్కడే మకాం. ఊళ్లో అరబిక్ బోర్డులు కూడా కనిపిస్తాయి. 2014లో అరబ్బు టూరిస్టులు అక్కడ ఎలా మసలుకోవాలో చెబుతూ ఓ చిన్న పుస్తకం అచ్చేస్తే, అతిథులకు పాఠాలేమిటని గొడవై దాన్ని వెనక్కి తీసుకున్నారు. మూడేళ్లకు, 2017 అక్టోబర్ 1 నుంచి, బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోకూడదని ఆస్ట్రియా దేశమంతటికీ చట్టమే వచ్చింది. అయినా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు.

సార్లు సరే. మనం వెళ్లగలమా? ఆ లెక్క వేయడానికే మాకు ఆరు నెలలు పట్టింది.

సెలవంటే ఊరేనా?

మేమంటే షార్జాలో ఒకే బిల్డింగ్‌లో ఉండే రెండు తెలుగు కుటుంబాలు, ఓ తమ్ముడు. ఒక కుటుంబంలో ఆయన కాంట్రాక్టింగ్ కంపెనీలో అకౌంట్స్, ఆమె ఆస్పత్రిలో నర్సు. ఇంకో కుటుంబంలో ఆయన ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. ఇద్దరికీ కలిపి ముగ్గురు పిల్లలు: నాలుగు, ఎనిమిది, పదకొండేళ్లవాళ్లు. ఆ తమ్ముడిది రాయచోటి దగ్గర ఓ పల్లె. భార్యాబిడ్డలు ఊళ్లోనే. ఇప్పుడు దుబాయ్‌లో కంపెనీ డ్రైవరు. అంతకు ముందు కువైట్‌లో ఆరేళ్లు హౌస్ డ్రైవరు.

ఎవరికీ మిగులు డబ్బు లేదు. నిజామాబాద్‌లో కట్టిన ఇంటికి ఒకరికి నెలనెలా ఈఎంఐ, ఇంకొకరికి చెల్లెలి పెళ్లి బాకీ. అసలు ఈ మాట ఎత్తింది నర్సు వదిన. "పెళ్లయి పదమూడేళ్లు. సెలవంటే ఊరు. ఊరెళితే పెళ్లిళ్లు, ఆస్పత్రులు, బ్యాంకు. మన కోసం మనం ఒక్క సెలవన్నా తీసుకున్నామా?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఊళ్లో అత్తగారికి ఫోన్ చేసి చెబితే, "మంచు జూడనీకి గంత దూరం పోవాల్నా బిడ్డా? ఇంటికొస్తే మేమన్న జూస్తుంటిమి గదా" అన్నారామె. ఆ మాటకూ జవాబు లేదు. చివరికి మధ్యేమార్గం. వార్షిక సెలవు ముట్టుకోకూడదు. అది డిసెంబర్‌లో ఊరికే. పండగ సెలవులకు రెండు రోజులు కలుపుకుని అయ్యేదైతేనే ఈ ప్రయాణం.

2025 జూన్‌లో బక్రీద్‌కు యూఏఈలో గురువారం నుంచి ఆదివారం దాకా, 5 నుంచి 8 వరకు, నాలుగు రోజులు సెలవు వచ్చింది. సోమ, మంగళవారాలు లీవు పెడితే ఐదు రాత్రులు. దానికి జనవరిలోనే లెక్క మొదలుపెట్టాం.

ఆ తమ్ముడిని పిలిచింది దారి తెలిసినవాడని. కువైట్‌లో ఉన్నప్పుడు యజమాని కుటుంబం వెంట వేసవికి జెల్ యామ్ సీ వెళ్లొచ్చినవాడు. అక్కడేమేం చూశావురా అని అడిగాం. "నెల దినాలు ఆడే ఉండాను అన్నా. సరస్సు పక్కన కారు పెట్టుకోని కూచునేది. వాళ్లు కేబుల్ కార్లో పైకి పోయి వచ్చేదాంకా కిందే ఉండేది. ఆ కొండ మింద ఏముందో నాకు తెల్దు" అన్నాడు. ఎన్నో గైడు పుస్తకాలు చదివినా రాని సంగతి ఆ ఒక్క మాటలో వచ్చింది. ఖర్చులో తన వాటా తను పెట్టుకుంటాడు, మాతో వస్తాడు, ఒక్కటే షరతు: "ఈతూరి నేను స్టీరింగ్ పట్టను."

వీసా దగ్గరే అసలు పరీక్ష

ఆస్ట్రియా షెంగెన్ దేశం. గల్ఫ్‌లో ఉంటున్న మనం గల్ఫ్ నుంచే వీసాకు పెట్టుకోవచ్చు, ఇండియా వెళ్లక్కర్లేదు. కానీ ఇక్కడ రెసిడెన్సీ ఉండాలి. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళదామనుకునేవారు ఇది గమనించాలి. మామూలుగా వాళ్లు ఇండియా నుంచే అప్లై చేయాలి. మన రెసిడెన్సీ కూడా తిరిగొచ్చాక ఇంకా కొన్ని నెలలు నడిచేలా ఉండాలి. అకామా అయిపోవస్తుంటే ముందు దాన్ని రెన్యువల్ చేయించుకోండి. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ దాటి వచ్చే రోజు నుంచి మరో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి.

ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటే ఆ దేశం దగ్గరే అప్లై చేయాలి. మా విమానం దిగింది జర్మనీలోని మ్యూనిక్‌లో. అయినా రాత్రులన్నీ ఆస్ట్రియాలోనే కాబట్టి ఆస్ట్రియా వీసానే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. కాగితం మీద రూలు అది. వేసవికి గల్ఫ్ అంతా యూరప్ బయల్దేరుతుంది కాబట్టి అపాయింట్‌మెంట్లు ముందే అయిపోతాయి. మూడు నెలల ముందైనా కదలాలి.

ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండు ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు ఉచితం. మా ఐదుగురు పెద్దవాళ్లకు 450, ఇద్దరు పిల్లలకు 90, చిన్నదానికి సున్నా. మొత్తం 540 యూరోలు. యూరోకు నాలుగు దిర్హాములకు పైనే కదా, రెండు వేల రెండొందల దిర్హాములు అక్కడే పోయాయి. వీసా సెంటర్ సర్వీస్ చార్జీ దీనికి అదనం. వీసా రాకపోతే ఈ డబ్బు తిరిగి రాదు. కనీసం 30 వేల యూరోలకు కవరయ్యే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి. విమానం టికెట్‌కు మాత్రం వీసా రాకముందే పూర్తి డబ్బు కట్టకండి. రిజర్వేషన్ కాగితం చాలు. ఇల్లు కూడా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే చూసుకోవాలి.

అసలు చిక్కు బ్యాంకు స్టేట్‌మెంట్. మనలో చాలామంది అకౌంట్ ఎలా ఉంటుంది? ఒకటో తారీఖు జీతం పడుతుంది, రెండో తారీఖు ఎక్స్ఛేంజ్‌కు వెళతాం, మూడో తారీఖుకు మూడంకెలు మిగులుతాయి. ఇంటికి పంపేవాడి అకౌంట్ ఖాళీగానే ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ వీసా ఆఫీసరుకు ఆ ఖాళీయే కనిపిస్తుంది, ఊళ్లో లేచిన ఇల్లు కనిపించదు. కొందరు స్నేహితుల దగ్గర పది వేలు అప్పు తెచ్చి ఒక్కసారే అకౌంట్లో వేస్తుంటారు. అది ఇంకా అనుమానం పుట్టిస్తుంది. నెలనెలా కాస్త కాస్త మిగులు కనిపించాలి.

మా తమ్ముడిది అదే పరిస్థితి. జీతం తక్కువ, మిగులు లేదు. జనవరి నుంచి మూడు నెలలు ఇంటికి పంపేది సగం చేశాడు. ఊళ్లో భార్యకు ఏం చెప్పావని అడిగితే నవ్వాడు. "నిజమే చెప్పినా అన్నా. ఒకతూరి పోయి చూసి రా, లేకుంటే ఆ కొండ గురించి జన్మంతా చెప్తానే ఉంటావు అనింది." ఆ మూడు నెలలూ ఆమె ఇంటిని ఎలా నెట్టుకొచ్చిందో మాకు తెలుసు. ఆవు పాల డబ్బుతో.

కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, జీతం సర్టిఫికెట్, సెలవు మంజూరు కాగితం. మా మిగతావాళ్లకు కాస్త ఎక్కువ రోజులకే వీసా వచ్చింది. అతనికి సరిగ్గా ప్రయాణం రోజులకే స్టాంపు పడింది. పడింది కదా, చాలు.

ఇప్పుడు వెళ్లేవారికి ఇంకో మార్పు ఉంది. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. మొదటిసారి దిగినప్పుడు వేలిముద్రలు, ఫొటో కంప్యూటర్లో ఎక్కిస్తారు. ఎన్ని రోజులున్నామో అదే లెక్కపెడుతుంది. ఎయిర్‌పోర్టులో క్యూకు అదనంగా ఓ గంట వేసుకుని రైలు చూసుకోండి.

మ్యూనిక్ నుంచి రైల్లో

ఆస్ట్రియా అనగానే వియన్నాలో దిగాలనుకుంటారు. జెల్ యామ్ సీకి మ్యూనిక్ దగ్గర. దుబాయ్ నుంచి ఆరు గంటల పైచిలుకు విమానం. అక్కడి నుంచి బయెర్న్ టికెట్ అని ఒకటి ఉంది. ఐదుగురి వరకు ఒకే టికెట్ మీద ఒక రోజంతా ఆ రాష్ట్రంలోని ప్యాసింజర్ రైళ్లలో తిరగొచ్చు. జర్మనీ టికెట్టే అయినా సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే ఎక్కాలి, ఎక్స్‌ప్రెస్‌లలో చెల్లదు. ట్యాక్సీవాడు చెప్పే రేటు విన్నాక ఈ టికెట్ విలువ తెలుస్తుంది.

సాల్జ్‌బర్గ్ నుంచి జెల్‌కు ఇంకో గంటన్నర. ఆ రైలు ప్రయాణమే సగం టూరు. లోయలో నది పక్కన వెళ్లి వెళ్లి, చివర్లో ఒక్కసారిగా కిటికీ నిండా సరస్సు. స్టేషన్ ఊరి నడిబొడ్డున, నీళ్ల పక్కనే. ట్రాలీ బ్యాగులు లాక్కుంటూ నడిచి ఇంటికి వెళ్లిపోవచ్చు. 2025 మే నుంచి సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలో రాత్రి బస చేసే అతిథులకు రాష్ట్రం లోపలి బస్సులు, రైళ్లు ఉచితంగా వాడుకునే పాస్ వచ్చింది. ఇంటి ఓనరు దగ్గర మన వివరాలు నమోదైతే ఇస్తారు. దీంతోపాటు వేసవిలో జెల్ యామ్ సీ-కాప్రున్ సమ్మర్ కార్డు అని ఇంకొకటి ఉంది. కేబుల్ కార్లు, పడవ, డ్యాములకు అదే టికెట్. డబ్బిచ్చి కొనేది కాదు, అందులో చేరిన హోటళ్లు, ఇళ్లలో దిగినవారికే ఇస్తారు. ఇల్లు బుక్ చేసే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రాత్రికి ఇరవై యూరోలు తక్కువని కార్డు లేని ఇంట్లో దిగితే కొండ ఎక్కేటప్పుడు ఆ ఇరవై ఎన్నో రెట్లు కట్టాలి.

వంటిల్లున్న ఇల్లు, మూసేసిన కొట్లు

హోటల్ వద్దు. వంటిల్లున్న అపార్ట్‌మెంట్లను అక్కడ ఫెరియన్‌వోనుంగ్ అంటారు. మా ఎనిమిది మందికి రెండు బెడ్‌రూముల ఇల్లు ఒకటి సరిపోయింది. రైస్ కుక్కర్ మోసుకెళ్లాం. కరెంటు వోల్టేజి ఇక్కడిలాంటిదే, ప్లగ్గు మాత్రం వేరు. మన మూడు పలకల పిన్ను అక్కడి రెండు గుండ్రటి రంధ్రాల్లోకి వెళ్లదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవాలి.

తిండి విషయంలో జాగ్రత్త. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే గోంగూర మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా అన్నీ కస్టమ్స్‌లో చెత్తబుట్టలోకే. 2019 డిసెంబర్ నుంచి పచ్చి ఆకులు, కూరగాయలు, పండ్లకు కూడా ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. పచ్చి కరివేపాకు రెమ్మ కూడా అందులోకే వస్తుంది. ఐదు పండ్లకు మాత్రం మినహాయింపు ఉంది: అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం. గల్ఫ్ నుంచి వెళ్లేవాళ్ల కోసమే రాసినట్టుంది కదూ! మామిడికాయ ఆవకాయ, కందిపొడి, చింతపండు, బియ్యం మాతో వచ్చాయి. పెరుగు, పాలు, గుడ్లు అక్కడి స్పార్, బిల్లా, హోఫర్ షాపుల్లో కొన్నాం. తాగే నీళ్లు కొనకండి. కొళాయి తిప్పితే వచ్చేది కొండ ఊటనీరు. సీసాల్లో నీళ్లు కొనే అలవాటున్న మన పిల్లలకు ఇది నమ్మించడానికి ఓ పూట పట్టింది.

తమ్ముడి అనుభవం పనికొచ్చింది ఇక్కడే. ఆస్ట్రియాలో ఆదివారం కొట్లు బంద్. ఆ సంగతి అతను ముందే చెప్పాడు. క్యాలెండర్ చూస్తే 2025 జూన్ 9 సోమవారం కూడా క్రైస్తవుల పెంతెకొస్తు పండగ సెలవు. రెండు రోజులు వరసగా మూత. శనివారం పొద్దున్నే ఎనిమిది మందికి మూడు రోజుల సరుకు తెచ్చుకున్నాం. ఇక్కడ లులులో రాత్రి పన్నెండుకు కూడా కొత్తిమీర దొరుకుతుంది కాబట్టి మనకు ఇలాంటివి తట్టవు. మీరు వెళ్లే తేదీల్లో ఆ దేశం పండగలేమున్నాయో ముందు చూసుకోండి.

కొండ, మంచు

మొదటి రోజు ష్మిట్టెన్‌హోహె. ఊరికి ఆనుకునే ఉన్న 1,965 మీటర్ల కొండ. దీని మీదికి 1927 నుంచే కేబుల్ కారు ఉంది. పైన నిలబడితే మూడు వేల మీటర్లు దాటిన శిఖరాలు ముప్పైకి పైగా వరసగా కనిపిస్తాయి, కింద సరస్సు నీలం రంగు పళ్లెంలా ఉంటుంది. తమ్ముడు శిఖరాల వైపు చూడలేదు. రెయిలింగ్ పట్టుకుని కిందికే చూశాడు చాలాసేపు. తర్వాత వేలు పెట్టి చూపించాడు, "అదో, ఆ చెట్ల పక్కన తెల్లగా ఉండాది చూడు, ఆడ పెట్టేది కారు." పిల్లలకు అది దొరకలేదు. మాకు దొరికింది.

మంచు తాకాలంటే పక్క ఊరు కాప్రున్ నుంచి కిట్జ్‌స్టైన్‌హార్న్ వెళ్లాలి. శిఖరం 3,203 మీటర్లు, కేబుల్ కారు 3,029 మీటర్ల దాకా తీసుకెళుతుంది. హిమానీనదం ఉన్న కొండ కాబట్టి జూన్‌లోనూ మంచు ఉంటుంది. కింద ఊళ్లో ఇరవై డిగ్రీలుంటే పైన ఐదారు అనుకోండి. గాలి పలచగా ఉంటుంది. బీపీ, గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడిగే ఎక్కాలి. చెప్పులతో వచ్చి మంచులో గెంతుతున్నవాళ్లను చూశాం, కిందికి దిగేసరికి కాళ్లు మొద్దుబారి ఏడుపు. ఈ కొండకు ఓ విషాదం కూడా ఉంది. 2000 నవంబర్ 11న పైకి వెళ్లే సొరంగం రైల్లో మంటలు లేచి 155 మంది చనిపోయారు. ఆ రైలును మళ్లీ నడపలేదు. కింద వారి స్మారక మందిరం ఉంది, అక్కడ ఓ నిమిషం ఆగి రండి.

డ్యాము దగ్గర

అందరూ చూసేవి సరస్సు, మంచు. మమ్మల్ని పట్టి నిలబెట్టింది మాత్రం కాప్రున్ పైనున్న డ్యాములు. కింద వాసర్‌ఫాల్‌బోడెన్, పైన 2,040 మీటర్ల ఎత్తున మూసర్‌బోడెన్, రెండు జలాశయాలు. సొంత కార్లు పైదాకా వెళ్లనివ్వరు. ముందు బస్సు, తర్వాత బయటికి తెరిచి ఉండే పేద్ద లిఫ్టు, అది కొండవాలు మీద 431 మీటర్లు పైకి ఎక్కిస్తుంది. మళ్లీ బస్సు. సొరంగాలు దాటుకుంటూ వెళ్లి దిగితే మంచు కొండల నడుమ పచ్చ-నీలం నీళ్లు, వాటిని ఆపుతూ వంద మీటర్లకు పైగా ఎత్తున్న కాంక్రీటు గోడలు.

మాలో సూపర్‌వైజర్ అన్న ఆ గోడ మీద నడుస్తూ ఫొటోలు తీయడం మానేశాడు. ఈ ఎత్తుకు సిమెంటు ఎలా తెచ్చారు, చలికాలంలో కూలీలు ఎక్కడ పడుకున్నారు అని ఒకటే ప్రశ్నలు. జవాబు అక్కడి ప్రదర్శనలోనే ఉంది. పని మొదలైంది 1938లో, ఆస్ట్రియాను హిట్లర్ కలిపేసుకున్న ఏడాది. యుద్ధం రోజుల్లో బలవంతంగా పట్టి తెచ్చిన పరదేశి కూలీల చేత, యుద్ధఖైదీల చేత ఇక్కడ పని చేయించారు. చలికి, ప్రమాదాలకు, హిమపాతాలకు ఎందరో పోయారు. యుద్ధం తర్వాత అమెరికా మార్షల్ సాయంతో పని సాగి 1955లో పూర్తయింది. ఆ తర్వాత ఇది ఆస్ట్రియా కోలుకున్నదానికి గుర్తయింది, పాఠ్యపుస్తకాల్లో గర్వకారణమైంది. బలవంతపు కూలీల మాట మాత్రం చాలా ఏళ్లు ఎవరూ ఎత్తలేదు.

కాప్రున్ పూర్తయిన ఆ 1955 డిసెంబర్ 10నే మన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎన్ని మనకు తెలుసు? దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు లేబర్ ఉండేదంటారు. గల్ఫ్‌లో ఎంత ఎత్తు టవర్ లేచినా పరంజా మీద మనవాళ్లుంటారు. పోస్టు కార్డు మీద ఆ నీళ్లు చూసినప్పుడు ఇవేమీ తోచవు. మీరు వెళితే మంచు కొండకు ఒక పూట తగ్గించుకునైనా సరే, ఈ డ్యాముకు ఒక పూర్తి రోజు ఇవ్వండి. మే చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకానే తెరిచి ఉంటుంది.

సరస్సు దగ్గర పెద్దగా ప్లాను అక్కర్లేదు. ముప్పావు గంట పడవ తిప్పుతారు. చుట్టూ నడక దారి ఉంది. ఒకప్పుడు ఊరి మురుగు చేరి పాడైన సరస్సే ఇది. చుట్టూ మురుగు కాలువ వేసి, శుద్ధి చేసి మళ్లీ తేటగా చేసుకున్నారు. హుస్సేన్‌సాగర్ గుర్తొచ్చి ఎవరూ ఏమీ అనలేదు. వాన మాత్రం అడక్కుండా వస్తుంది. మధ్యాహ్నం దాకా ఎండ కాసి మూడింటికి కుండపోత. పల్చటి రెయిన్‌కోటు ఎప్పుడూ సంచిలో ఉండాల్సిందే.

గ్రాస్‌గ్లాక్నర్ కొండ రోడ్డు మేం వదిలేశాం. 1935లో తెరిచిన ఆ రోడ్డు 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, ఆస్ట్రియాలోకెల్లా ఎత్తయిన 3,798 మీటర్ల గ్రాస్‌గ్లాక్నర్ శిఖరాన్ని ఎదురుగా చూపిస్తుంది. కారు అద్దె, కారుకు నలభై యూరోలకు పైబడిన టోలు, పైగా మా డ్రైవరు స్టీరింగ్ పట్టనన్నాడాయె! ఏడు రోజులున్నవాళ్లు వెళ్లాలి. ఐదు రోజుల్లో ఇరికిస్తే కారులో కూర్చోవడమే మిగులుతుంది. క్రిమ్మల్ జలపాతం 380 మీటర్లు, మూడు మెట్లుగా దూకుతుంది. అక్కడికి జెల్ నుంచి చిన్న గేజి రైలు ఉండేది, 2021 జులై వరదల్లో ఆ లైను బాగా దెబ్బతింది. ఎంతవరకు రైలు, ఎక్కడి నుంచి బస్సు అన్నది స్టేషన్‌లో అడిగే బయల్దేరండి.

యజమాని వెంట వెళ్లేవాళ్లకు

ఈ ఊరికి మనవాళ్లు టూరిస్టులుగా కంటే మా తమ్ముడిలా వెళ్లిందే ఎక్కువ. డ్రైవర్లు, వంటవాళ్లు, పిల్లలను చూసే ఆడవాళ్లు. సరస్సు ఒడ్డున స్ట్రోలర్ తోసుకుంటూ వెళుతున్న ఒకావిడ మా పిల్లల తెలుగు విని ఆగింది. తూర్పు గోదావరి. "ఎక్కడోళ్లండి మీరు?" అని రెండు మాటలు మాట్లాడి, మేడం పిలుస్తోందని వెళ్లిపోయింది. నంబరు ఇచ్చే టైము కూడా లేదు.

వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. షెంగెన్ వీసా మీ పేరు మీద, మీ పాస్‌పోర్టులో ఉంటుంది. ఆ పాస్‌పోర్టు మీది, మీ దగ్గరే ఉండాలి. కనీసం ఫొటో పేజీ, వీసా పేజీ ఫోన్లో తీసుకుని ఊళ్లో ఒకరికి పంపి ఉంచండి. ఆపదలో ఏ ఫోన్ నుంచైనా 112కు కొడితే డబ్బు పడదు, పోలీసు, అంబులెన్సు రెండూ వస్తాయి. భారత రాయబార కార్యాలయం వియన్నాలో ఉంది. అక్రమ రవాణాకు, బలవంతపు పనికి గురైన మహిళలకు సాయం చేసే లెఫో అనే సంస్థ కూడా వియన్నాలోనే ఉంది. 2010లో దుబాయ్ నుంచి యజమానుల వెంట వియన్నాకు సెలవులకు వచ్చిన ముగ్గురు ఫిలిప్పీన్స్ మహిళలు పాస్‌పోర్టులు చేతిలో లేకుండానే బయటపడి ఈ సంస్థ సాయంతోనే నిలదొక్కుకున్నారు. గల్ఫ్‌లో జరిగిన నేరాలపై తాము కేసు నడపలేమని ఆస్ట్రియా అంటే, వాళ్లు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. 2017 జనవరిలో కోర్టు ఆస్ట్రియా తప్పేమీ లేదని తేల్చింది. కేసు ఓడినా, వాళ్లకు ఆస్ట్రియాలో ఉండే అనుమతి మాత్రం దక్కింది.

మంచి యజమానులూ ఉంటారు. మా తమ్ముడి కువైట్ సార్ జీతం ఒక్క నెల ఆపలేదు, వస్తూ వస్తూ అతని కొడుక్కు జాకెట్ కూడా కొనిచ్చాడు. కొండెక్కుతావా అని అడగడం ఆయనకు తట్టలేదు, అంతే.

ఎప్పుడు వెళ్లాలి

జులై, ఆగస్టుల్లో అక్కడ గదుల రేట్లు పైపైకి, ఎటు చూసినా గల్ఫ్ జనమే. పిల్లల బడి అడ్డం రాకపోతే సెప్టెంబర్ మంచిది. ఎండ మెత్తగా ఉంటుంది, వానలు కొంత తగ్గుతాయి, ఎత్తు మేతల నుంచి ఆవులను పూలతో అలంకరించి గంటలు మోగిస్తూ ఊళ్లోకి దించే పండగ కూడా అప్పుడే. అక్టోబర్ మధ్య దాటితే డ్యాము బస్సులు ఆగిపోతాయి, నవంబర్ ఆరంభానికి కొండ రోడ్డు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చేదంతా స్కీయింగ్ జనం, రేట్లు మళ్లీ పెరుగుతాయి. సెప్టెంబర్‌కు వెళ్లాలనుకుంటే ఏప్రిల్, మే నుంచి అకౌంట్లో కాస్త కాస్త మిగల్చడం మొదలుపెట్టండి, జూన్‌లో వీసా అపాయింట్‌మెంట్ పట్టుకోండి. కంపెనీ ఎన్‌ఓసీ మాత్రం హెచ్‌ఆర్ మేనేజర్ వేసవి సెలవుకు వెళ్లకముందే సంతకం చేయించుకోవాలి. అతను వెళ్లేది ఎక్కడికో మీరే ఊహించుకోండి.